పంచాయతీ బండిలో స్టీరియో: తెలియని తీగలను గుర్తించు విధము

గ్రామ పంచాయతీకి సొంత వాహనముండుట నేడు వింత కాదు. చెత్త సేకరణకు ఆటో, నీటి సరఫరాకు ట్యాంకరు, రాకపోకలకును ప్రకటనలకును ఒక పాత వ్యాను, ఇట్లు ఏదో యొకటి పెక్కు గ్రామములలో కనిపించుచున్నది. తెలంగాణలో 2019లో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము వలన పంచాయతీలకు ట్రాక్టర్లు సమకూరిన సంగతి పాఠకులెరుగుదురు. బండి వచ్చిన పిమ్మట దానిలో ఒక స్టీరియో అమర్చవలెనను కోరిక సహజముగానే కలుగును. కుళాయి నీరు విడుచు వేళ, పశువైద్య శిబిరము, గ్రామసభ తేదీ, తుపాను హెచ్చరిక మొదలగువానిని ఒకసారి రికార్డు చేసి పెన్‌డ్రైవులో ఉంచుకొనినచో, బండి తిరిగినంత మేర అదే మాట స్పష్టముగా వినిపించును. పంచాయతీ అరుగుమీది రేడియో సెట్టు చుట్టు ఊరందరు చేరి వార్తలు వినిన దినములను చెప్పగల పెద్దలు ఇప్పటికిని కొందరున్నారు. స్టీరియో ఆ రేడియోకు మనుమడని చెప్పవచ్చును.

కొత్త బండిలో ఈ పని సులువు. చిక్కంతయు పాత బండితో వచ్చును. అమ్మినవారు తమ స్టీరియోను పీకికొని పోదురు. డ్యాష్‌బోర్డులో చతురస్రాకారపు బొరియ యొకటి, దానిలోనుండి వ్రేలాడు తెగిన తీగల కుచ్చు ఒకటి మనకు మిగులును. ఆ తీగలలో ఏది ఎక్కడనుండి వచ్చుచున్నదో చెప్పు కాగితము ఉండదు. ఊహతో కలిపినచో ఏమగునో మేము కోస్తాలోని ఒక గ్రామములో స్వయముగా చూచితిమి. పంచాయతీ సభ్యులకు ఉపయోగపడునను తలంపుతో ఆ వృత్తాంతమును, మరునాడు ఆ తీగలను మేము పరీక్షించిన విధమును ఇచట వివరించుచున్నాము.

ఆ పంచాయతీవారు ప్రకటనలకొరకు ఒక పాత వ్యాను కొనిరి. స్టీరియో తెచ్చి బిగించు పని పంపు నడుపు యువకునికి అప్పగించిరి. అతడు చురుకైనవాడే, ఇంటి వైరింగు పని వచ్చినవాడు. స్టీరియో వెనుకనున్న తీగలలో బ్యాటరీకి కలుపవలసినది ఏదని పట్టణములోని తనకు తెలిసిన ఎలక్ట్రీషియనును ఫోనులో అడిగెను. "పచ్చ తీగరా అబ్బాయ్, పచ్చది బ్యాటరీకి ఇచ్చేయ్" అని సమాధానము వచ్చెను. చెప్పినవాని మనస్సులో నున్నది పసుపుపచ్చ. విన్నవాడు ఎత్తుకొన్నది ఆకుపచ్చ. స్టీరియోలో ఆకుపచ్చ తీగ వెనుక ఎడమ స్పీకరుకు పోవలసినది. దానికి బ్యాటరీ కరెంటు ఇచ్చుటతో లోపలి యాంప్లిఫయరు కాలిపోయినది. కొన్ననాడే మొదటి పెట్టె చెత్తలోనికి పోయెను.

మన భాషలో 'పచ్చ' అనుమాట పసుపునకును చెల్లును, ఆకునకును చెల్లును. ఒక ఇంటనే తల్లి ఒక అర్థములో, కోడలు మరియొక అర్థములో వాడుట కలదు. వంటింటిలో దానివలన నష్టము లేదు. తీగల యొద్ద మాత్రము 'పసుపుపచ్చ' యనియో 'ఆకుపచ్చ' యనియో పూర్తిగా పలుకవలెను. ఫోనులో చెప్పించుకొనునపుడు ఫోటో తీసి పంపి, వ్రేలు పెట్టి చూపించుకొనుట మరింత మేలు. ఊదా రంగును కొందరు వంకాయ రంగనియు, మరికొందరు నీలమనియు అందురు. అదియు ఇట్టి చిక్కే.

రెండవ స్టీరియో వచ్చెను. ఈమారు యువకుడు పసుపుపచ్చ తీగనే పట్టుకొనెను. ఎర్ర తీగ కూడ కరెంటు కోరునని తెలిసికొని, రెంటిని మెలివేసి ఒకే చోట కలిపెను. నల్ల తీగ ఎర్తునకు పోవలెను గనుక, బండి తీగలలో చాసిస్‌తో కలిసియున్నట్లు మీటరులో కనబడిన ఒక తీగకు దానిని ముడివేసెను. పెట్టె పలికినది. అందరును సంతోషించిరి. పట్టపగలు గనుక ఎవరును బండి దీపములు వేసి చూడలేదు.

కొన్ని వారముల తరువాత ఒక సోమవారము సాయంకాలము తుపాను హెచ్చరిక వచ్చినది. చీకటి పడకముందే పల్లపు వీధులవారిని బడి భవనమునకు చేర్చవలెనని సర్పంచిగారు బండి తీయించిరి. బండి కదలలేదు. శనివారము సాయంకాలము ప్రకటన ముగించిన తరువాత డ్రైవరు శబ్దము తగ్గించెనే గాని పెట్టెను ఆపలేదు. తాళముచెవి తీసినను అది ఆగలేదు. అర ఆంపియరు చొప్పున రెండు రాత్రులు, రెండు పగళ్లు, అనగా 48 గంటలలో 24 ఆంపియర్-గంటల విద్యుత్తు హరించెను. ఆ బ్యాటరీ మొత్తము శక్తియే 35. పదిమంది కలిసి నెట్టగా ఇంజను అందుకొనెను. చీకటి పడుచుండుటచే డ్రైవరు దీపములు వేసెను. వెంటనే స్టీరియో మూగవోయెను. దీపములార్పిన పలుకును, వేసిన ఆగును. వానలో దీపములు లేకుండ బండి నడుపుట ఎట్లు? తుదకు డప్పు చాటింపుతోడను, సైకిళ్లమీద యువకులను పంపుటతోడను పని జరిగినది. అందరును క్షేమముగా బడికి చేరిరి. తుపాను కూడ ఆ గ్రామమును తప్పించి పోయెను. కాని రెండు గంటల కాలము వ్యర్థమయ్యెను.

మేము ఆ వారములోనే ప్రచార వాహనముతో ఆ గ్రామమునకు పోయితిమి. సర్పంచమ్మగారు మొదట చెప్పిన మాట ఇదియే: "మా బండికి దెయ్యం పట్టిందండి, దీపం వేస్తే నోరు మూస్తోంది." యువకుడు తల వంచుకొని నిలుచుండెను. మా వాహనములో మల్టీమీటరు ఉన్నది; ముప్పది సంవత్సరముల నాటి మైకు సెట్లను బాగుచేయుచు మా డ్రైవరు నేర్చిన విద్య ఉన్నది. మరునాడుదయము ముగ్గురము కూర్చుంటిమి.

మొట్టమొదట బ్యాటరీని చూడవలెను. కార్లు, వ్యానులు, ట్రాక్టర్లు సాధారణముగా 12 వోల్టులవి. లారీలలోను బస్సులలోను రెండు బ్యాటరీలు వరుసగా కలిపి 24 వోల్టులు ఉండుట పరిపాటి. కారు స్టీరియోను అట్టి బండికి తిన్నగా కలిపినచో తక్షణమే కాలిపోవును. ఆరోగ్యముగానున్న 12 వోల్టుల బ్యాటరీ ఇంజను ఆగియున్నపుడు 12.6 వరకును, ఇంజను నడుచుచున్నపుడు 13.8 నుండి 14.4 వరకును చూపును. తీగలను కోయునపుడును, కలుపునపుడును బ్యాటరీ నెగటివ్ కొనను విప్పియుంచవలెను. పరీక్షించునపుడు మాత్రము అది తగిలించియుండవలెను గనుక, అంతకుముందే ప్రతి తీగ కొనను విడివిడిగా టేపుతో చుట్టి, ఒకదాని కొన మరియొకదానికి తగులకుండ చేయవలెను.

ఇంకొక జాగ్రత్త ప్రాణముతో కూడినది. మన దేశములో 2019 నుండి తయారగు కార్లలో డ్రైవరు ఎదుట ఎయిర్‌బ్యాగు తప్పనిసరి. దాని తీగలు, కప్లర్లు సాధారణముగా పసుపుపచ్చ తొడుగుతో ఉండును. ఆ తీగలను మీటరుతో గాని, బల్బుతో గాని తాకరాదు. మీటరులోనుండి పోవు స్వల్ప విద్యుత్తునకే అది ప్రేలవచ్చును. స్టీరియో బొరియలోనుండి వచ్చు కుచ్చును మించి చేయి పోనీయరాదు. ఇచట 'పసుపుపచ్చ' మరియొకమారు మోసము చేయునది గమనింపుడు.

ఆ వ్యాను పాతది గనుక అందులో ఎయిర్‌బ్యాగు లేదు. కుచ్చులో తొమ్మిది తీగలున్నవి: ఎర్రచార గల తెలుపు, నీలము, ఆకుపచ్చచార గల ఎరుపు, నలుపు, ఆకుపచ్చ, నల్లచార గల ఆకుపచ్చ, పసుపుపచ్చ, నల్లచార గల పసుపుపచ్చ, సన్నని కాఫీరంగు తీగ ఒకటి. స్టీరియో వెనుక నున్న తీగలకు మార్కెట్టులో ఒక వాడుక కలదు. పసుపుపచ్చ ఎల్లవేళల బ్యాటరీ కరెంటునకు, ఎరుపు తాళముచెవి త్రిప్పినపుడు మాత్రమే వచ్చు కరెంటునకు, నలుపు ఎర్తునకు, నారింజ దీపములతోపాటు పెట్టె వెలుగునకు, నీలము కరెంటుతో లేచు ఏరియలునకు, తెల్లచార గల నీలము విడి యాంప్లిఫయరును మేలుకొలుపుటకు. స్పీకర్లకు నాలుగు జతలు: తెలుపు ముందు ఎడమకు, బూడిదరంగు ముందు కుడికి, ఆకుపచ్చ వెనుక ఎడమకు, ఊదా వెనుక కుడికి, ప్రతి జతలోను నల్లచార గలది నెగటివ్. విడిగా అమ్ము స్టీరియోలలో పెక్కింటికి ఈ క్రమము వర్తించును. అయినను పెట్టెపై అంటించిన చీటీని చదువుట మరువరాదు.

బండి వైపు తీగలకు ఈ క్రమముతో సంబంధము లేదు. ప్రతి కంపెనీకి తన రంగులు. ఒకే కంపెనీలో బండికి బండికి, సంవత్సరమునకు సంవత్సరమునకు మారుట కలదు. ఆ వ్యానునే చూడుడు. దానిలో పసుపుపచ్చ తీగ తలుపులోని స్పీకరుది! నీలపు తీగలో తాళముచెవి కరెంటు వచ్చుచున్నది. దానిని స్టీరియో నీలమునకు కలిపియుండినచో, పెట్టెలోనుండి బయటికి కరెంటు రావలసిన మార్గములో లోపలికి కరెంటు చొచ్చి మరల నష్టమే. కావున రంగుకు రంగు జత చేయు పద్ధతిని పంచాయతీవారు ఎంతమాత్రమును ఒప్పుకొనరాదు. మెకానిక్కు అట్లు చేయబోయినచో ఆపవలెను.

మీటరును డి.సి. 20 వోల్టుల గీత యొద్ద ఉంచి, నల్ల కొనను రంగు గీకిన చాసిస్ ఇనుముపై, అనగా ఏదేని మంచి బోల్టుపై ఆనించితిమి. తాళముచెవి తీసివేసి ఎర్ర కొనతో ఒక్కొక్క తీగను తాకితిమి. ఎర్రచార గల తెల్లతీగ యొద్ద 12.4 చూపెను, మిగిలినవానిలో ఏమియు లేదు. ఇది ఎల్లవేళల కరెంటు గలది. అట్టి తీగ ఒక్కటియు దొరకనిచో కంగారు పడనక్కరలేదు. ఫ్యూజుపెట్టె తెరచి 'రేడియో' లేక 'ఆడియో' అని గుర్తు గల ఫ్యూజును చూడవలెను. పాత స్టీరియోను పీకునపుడు తీగలు ఒకదానికొకటి తగిలి ఆ ఫ్యూజు పోవుట తరచు జరుగును. ఫ్యూజు పోయిన తీగ చచ్చిన తీగవలె కనిపించును.

తరువాత తాళముచెవిని మొదటి మెట్టువరకు త్రిప్పితిమి. ఇపుడు నీలపు తీగలో 12.3 వచ్చెను, తీయగానే సున్నకు దిగెను. స్టీరియో ఎర్ర తీగ కోరునది దీనినే. పసుపుపచ్చ తీగ సమయమును, స్టేషన్లను జ్ఞాపకముంచుకొనుటకును, పెట్టె పనికి కావలసిన ముఖ్య విద్యుత్తునకును. ఎర్ర తీగ 'ఇపుడు మేలుకొనుము' అని చెప్పుటకు మాత్రమే. రెండును కలిపి ఎల్లవేళల కరెంటునకు ఇచ్చినచో పెట్టెకు నిద్ర లేదు. ఆ శనివారము జరిగినదదియే. రెండును తాళముచెవి కరెంటునకు ఇచ్చినచో బ్యాటరీకి నష్టము లేదు గాని బండి ఆపినప్పుడెల్ల గడియారము, స్టేషన్లు మరచిపోవును.

మూడవది దీపముల పరీక్ష. పక్క దీపములు వేయగా ఆకుపచ్చచార గల ఎర్రతీగలో 12 వోల్టులు వచ్చినవి. దీపములార్పగా పోయినవి. అపుడు యువకుడు ముఖమెత్తి, "అయ్యా, నేను ఎర్తు ఇచ్చింది దీనికేనండి" అనెను. దెయ్యము దొరికినది. ఇది డ్యాష్‌బోర్డు దీపముల తీగ. దీపములార్పియున్నపుడు ఈ తీగకును చాసిస్‌కును నడుమ చల్లని బల్బుల ఫిలమెంట్లు తప్ప అడ్డమేమియు లేదు. మీటరులో రెండు మూడు ఓములు మాత్రమే చూపును. చూచినవాడు దీనిని ఎర్తని భ్రమించుట సహజము. స్టీరియో విద్యుత్తు ఆ బల్బులగుండ చాసిస్‌కు చేరి, తక్కువ శబ్దముతో పని జరిగినది. దీపములు వేసినంతనే ఆ తీగయందు 12 వోల్టులు వచ్చి, పెట్టెకు రెండు వైపులను సమానమైన వోల్టేజియే మిగిలినది. వోల్టేజి భేదము లేనిదే విద్యుత్తు ప్రవహింపదు. పాత బండ్ల యజమానులు 'దీపము వేస్తే పాట ఆగుచున్నది' అని చెప్పు ఫిర్యాదునకు మూలము చాలవరకు ఇదియే.

ఇందువలన క్రమము ముఖ్యము. ముందు వోల్టేజి పరీక్షలన్నియు, తాళముచెవి తీసి, త్రిప్పి, దీపములు వేసి, పూర్తి చేయవలెను. ఎన్నడును 12 వోల్టులు చూపని తీగలలోనే ఎర్తును వెదుకవలెను. ఓములు చూచునపుడు ఆ తీగలో విద్యుత్తు ఉండరాదు. ఉన్నచో మీటరు తప్పు చెప్పును, చెడిపోవుటయు కలదు. ఆ వ్యానులో నల్లతీగ చాసిస్‌తో అర ఓముకు తక్కువగా చూపెను. అది నిజమైన ఎర్తేనా యని తెలిసికొనుటకు మా డ్రైవరు ఒక చిన్న టెస్టుల్యాంపు తీసి, ఒక కొన తెల్లతీగకును రెండవ కొన నల్లతీగకును తగిలించెను. బల్బు దేదీప్యమానముగా వెలిగినది. దీపములు వేసి మరల చూచితిమి, అట్లే వెలిగినది. సందేహమున్నయెడల స్టీరియో నల్లతీగను శుభ్రముగా గీకిన చాసిస్ బోల్టునకు రింగుతో బిగించుట అన్నిటికంటె మేలు.

డిజిటల్ మీటరును గూర్చి ఒక్క మాట. ఎక్కడికిని కలియక ఊరక వ్రేలాడు తీగయందు కూడ అది ఒకటి రెండు వోల్టులు చూపవచ్చును. ఆ విద్యుత్తు నిజమైనదగునా కాదా యని టెస్టుల్యాంపు తేల్చును. బూటకపు వోల్టేజితో బల్బు వెలుగదు. కాని కొత్త కార్లలో స్టీరింగు మీటలనుండి, కంప్యూటరునుండి వచ్చు సన్నని తీగలు ఉండును. రెండు తీగలు ఒకదానినొకటి పెనవేసికొని యుండి సుమారు రెండున్నర వోల్టులు చూపినచో వానికి టెస్టుల్యాంపు తగిలింపరాదు. వానిని ముట్టక వదలవలెను.

ఇక మిగిలినవి స్పీకర్ల తీగలు. ఇవి జతలు జతలుగా వచ్చును. సాధారణముగా ఒకే రంగు, ఒకదానిపై చార. పాత స్టీరియో పూర్తిగా విప్పియుండగా మీటరును ఓములపై ఉంచి జతను కొలిచినచో 4 ఓముల స్పీకరు 3.2 నుండి 3.8 వరకు చూపును. ఆకుపచ్చ జత 3.6 చూపినది. రెంటిలో ఏ తీగకును చాసిస్‌తో సంబంధముండరాదు. ఉన్నచో తలుపులో ఎక్కడనో ఒరిపిడికి తొడుగు పోయినదన్నమాట. తరువాత మామూలు 1.5 వోల్టుల టార్చిసెల్లును ఆ జతకు క్షణకాలము తాకించితిమి. ఎడమ తలుపులో 'టక్' మని శబ్దము. జాలీ విప్పి చూచుచు మరల తాకించగా స్పీకరు కాగితపు గిన్నె ముందుకు వచ్చెను. అనగా సెల్లు పాజిటివ్ తగిలిన తీగయే స్పీకరు పాజిటివ్. వెనుకకు పోయినచో తారుమారు. ఒక స్పీకరు ముందుకు, ఒకటి వెనుకకు నడచినచో మాట వినబడును గాని కండలేని గొంతువలె ఉండును. విడి యాంప్లిఫయరు గల బండ్లలో ఈ సెల్లు పరీక్ష పనికిరాదు.

పసుపుపచ్చ జతను కొలువగా మీటరు ఏమియు చూపలేదు. తీగ ఎక్కడనో తెగినది. ఇట్టి తెగులు సాధారణముగా తలుపు మడత యొద్ద ఉండును. అచ్చటి రబ్బరు గొట్టములో తీగలు తలుపు తీసినప్పుడెల్ల వంగి వంగి లోలోపల తెగును. రబ్బరు జరిపి చూడగా రాగి పోగులు పుటుక్కున విడిపోయియున్నవి. అతికిన పిమ్మట ఆ జతయు 3.5 చూపెను. కుడి తలుపు పలుకకపోవుటకు కొత్త స్పీకరు కొనుటకు తీర్మానము చేయబోయిన పంచాయతీకి ఆ ఖర్చు తప్పినది.

స్పీకరు నెగటివ్ తీగలను చాసిస్‌కు కలుపుట పూర్వపు రేడియోలలో చెల్లినది. నేటి స్టీరియోలలో చెల్లదు. వీనిలో స్పీకరు రెండు తీగలును యాంప్లిఫయరునుండియే నడచును. పెట్టె పనిచేయునపుడు ఒక్కొక్క తీగలో చాసిస్‌తో పోల్చిన సుమారు 6 వోల్టులు ఉండును. రెండు నెగటివులను కలిపినను, ఒకదానిని ఎర్తు చేసినను పెట్టె వేడెక్కి ఆగును, లేదా కాలును. పాత మెకానిక్కులలో కొందరు తీగ పొదుపునకై ఇంకను ఈ పని చేయుచున్నారు. పనితనముగల పెద్దలే యైనను, ఈ యొక్క విషయములో వారి మాట వినరాదు.

తీగలు తెలిసిన తరువాత వానిని కలుపు పద్ధతి. మెలివేసి నల్లటేపు చుట్టిన అతుకు మన ఎండలలో నిలువదు. రోహిణీకార్తెలో మూసియుంచిన బండి లోపల టేపు జిగురు కరగి జారిపోవును. లోపలి రాగి బయటపడును. ప్రక్క తీగకు తగిలినచో పొగ. టంకముపెట్టి వేడికి ముడుచుకొను స్లీవు తొడుగవలెను, లేదా క్రింపు చేయు కనెక్టర్లు వాడవలెను. పసుపుపచ్చ తీగ మార్గమున స్టీరియో వెనుక వ్రాసియున్న ఆంపియర్ల ఫ్యూజు, పెక్కింట 10 లేక 15, ఉండితీరవలెను. బ్యాటరీనుండి కొత్తగా తీగ లాగినచో ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరములోనే ఉండవలెను. స్టీరియో యొద్ద పెట్టిన ఫ్యూజు స్టీరియోను కాచును గాని దారిలోని తీగను కాయదు. ఫ్యూజు పోయినపుడు రాగి పోగు చుట్టి నడుపుటయు, సిగరెట్టు పెట్టె వెండికాగితము మడచి దూర్చుటయు మేము పలుచోట్ల చూచితిమి. అంతటితో ఆ బండికి ఫ్యూజు లేనట్లే. డ్యాష్‌బోర్డులో నిప్పు పుట్టునది ఇచటనే.

తీగల కుచ్చు తెగక, అసలు కప్లరు చెక్కుచెదరక ఉన్నచో దానిని కోయనీయరాదు. ఆ బండికి తగిన అడాప్టరు కప్లరు బజారులో దొరకును. ఐ.ఎస్.ఓ. 10487 అను ప్రమాణము ప్రకారము చేసిన కప్లరులో కరెంటు దిమ్మెయందు 4వ గడి ఎల్లవేళల కరెంటు, 7వది తాళముచెవి కరెంటు, 8వది ఎర్తు. కాని కొన్ని కంపెనీలు 4, 7 గడులను తారుమారు చేసినవి. అందువలన మీటరుతో చూడక కలుపరాదు.

పని ముగిసిన పిమ్మట బిల్లు చెల్లించుటకు ముందు పంచాయతీ సభ్యుడొకరు దగ్గర నిలిచి కొన్నిటిని చూడవలెను. తాళముచెవి తీయగానే పెట్టె ఆగుచున్నదా? దీపములు వేసినపుడు పలుకుచున్నదా? హారను మ్రోగించినను, బ్రేకు త్రొక్కినను, ఇండికేటరు వేసినను ఏమైన మార్పు కలుగుచున్నదా? ఇవి రాత్రివేళ చూచిన మరింత మంచిది. తరువాత అన్నియు ఆపి, బ్యాటరీ నెగటివ్ విప్పి, ఆ కొనకును బ్యాటరీకిని నడుమ మీటరును 10 ఆంపియర్ల రంధ్రములో ఉంచి చూడవలెను. కొన్ని నిమిషములకు అంకె స్థిరపడి 50 మిల్లీ ఆంపియర్లకు, అనగా 0.05కు లోపుగా ఉన్నచో నిశ్చింత. ఆ స్థితిలో బండి స్టార్టు చేయుట గాని, పెద్ద దీపములు వేయుట గాని మీటరుకు చేటు. ఆ వ్యానులో మొదట 0.52 చూపినది, సరిచేసిన తరువాత 0.02 చూపినది. మీటరు ఖరీదు కొద్ది వందల రూపాయలు. కాలిపోయిన మొదటి స్టీరియో ఖరీదు అందుకు పెక్కు రెట్లు.

ప్రకటనల వేళను గూర్చి కూడ సభ్యులు అడుగుచుందురు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమముల ప్రకారము లౌడుస్పీకరుకు వ్రాతపూర్వకమైన అనుమతి కావలెను. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు వాడరాదు. ప్రజా అత్యవసర సమయములకు ఈ రాత్రి నిషేధమునుండి మినహాయింపు ఉన్నది. తుపాను రాత్రి బండి మూగగా ఉండవలసిన పని లేదన్నమాట.

ఆ ఉదయము పని ముగించునప్పటికి మధ్యాహ్నమయ్యెను. సర్పంచమ్మగారు పంచాయతీ వాహనపు లాగుబుక్కు తెప్పించి, చివరి పుటలో ఆ తీగల పట్టికను యువకునిచేతనే వ్రాయించిరి: ఎర్రచార తెలుపు, ఎల్లవేళల కరెంటు, నీలము, తాళముచెవి కరెంటు, ఆకుపచ్చచార ఎరుపు, దీపములు, నలుపు, ఎర్తు, ఆకుపచ్చ జత, ఎడమ తలుపు, పసుపుపచ్చ జత, కుడి తలుపు. ప్రతి తీగ కొన యొద్దను చిన్న చీటీ చుట్టించిరి. రేపు ఈ యువకుడు వేరొక పనికి పోయినను, బండి మరియొక మెకానిక్కు చేతికి వెళ్లినను, కుచ్చు మరల చీకటి కాదు.

మిగిలినది సన్నని కాఫీరంగు తీగ. తాళముచెవికి గాని, దీపములకు గాని, హారనుకు గాని అది పలుకలేదు; చాసిస్‌తోను కలియలేదు; ఏ స్పీకరుతోను జత కాలేదు. అరగంట వెదకితిమి. "దేనికైనా కలిపి చూద్దామా?" అని యువకుడు అడిగెను. మా డ్రైవరు దాని కొనను విడిగా మడచి, స్లీవు తొడిగి, కుచ్చుకు కట్టెను. లాగుబుక్కులో దాని ఎదుట 'తెలియదు, కలుపరాదు' అని వ్రాయించితిమి.